బ్రిటన్‌లో కారులోంచి చెత్త వేశారని ఫైన్ వచ్చిందా? కట్టే స్థోమత లేనప్పుడు ఏం చేయాలి

ఇంగ్లండ్‌లో కారు అద్దం దించి సిగరెట్ పీక విసిరినా, కాఫీ కప్పు వదిలేసినా, కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ) వేసే ఫైన్ 500 పౌండ్ల దాకా ఉండొచ్చు. 2023 జులై చివరి వరకు ఈ గరిష్ఠ పరిమితి 150 పౌండ్లే. ఆ తర్వాత ఒక్కసారిగా 500కి పెంచారు. ఆ పరిమితి లోపల ఎంత వేయాలన్నది ఆ ఊరి కౌన్సిల్ నిర్ణయిస్తుంది కాబట్టి, పక్కపక్క ఊళ్లలోనే ఒకచోట వంద, ఇంకోచోట నాలుగు వందలు ఉండొచ్చు. "అరటి తొక్కే కదా, మట్టిలో కలిసిపోతుంది" అన్న మాట అక్కడ చెల్లదు. తొక్క కూడా చెత్తే. సిగరెట్ పీక, చూయింగ్ గమ్ కూడా చెత్త కిందికే వస్తాయని చట్టంలోనే రాసి ఉంది.

ఈస్ట్ హామ్, హాట్‌ఫీల్డ్, లెస్టర్, కోవెంట్రీ లాంటి చోట్ల ఉంటున్న మన పిల్లల్లో చాలామంది స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు. డిగ్రీ, మాస్టర్స్ చదివేవాళ్లు క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. 21 ఏళ్లు నిండినవాళ్లకి 2025 ఏప్రిల్ నాటి కనీస వేతనం, గంటకు 12.21 పౌండ్ల లెక్కన చూసినా, 20 గంటలకు వచ్చేది 244 పౌండ్లు. 500 ఫైన్ పడితే రెండు వారాల జీతం మొత్తం పోసినా సరిపోదు. ఊళ్లో నాన్న పొలం తాకట్టు పెట్టి లోను తీసి పంపించాడు, ఈ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలి, వీసా పోతుందా, పోలీసులు వస్తారా అన్న టెన్షన్‌తో కవరు తెరిచి చూసి మళ్లీ మూసి డ్రాయర్లో పడేస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. డబ్బు లేకపోవడం వల్ల జరిగే నష్టం కన్నా, జవాబివ్వకుండా ఊరుకోవడం వల్ల జరిగే నష్టం చాలా ఎక్కువ. మీ చేతిలో డబ్బు లేకపోయినా, గడువు లోపల ఒక ఉత్తరం రాసే వీలుంది కదా, అది వదులుకోకండి.

కింద చెప్పేదంతా ఇంగ్లండ్‌కి సంబంధించినది. వేల్స్, స్కాట్లండ్, నార్తర్న్ ఐర్లండ్‌లలో ఫైన్ మొత్తాలూ పద్ధతులూ వేరు.

ముందు ఆ కాగితం ఏమిటో తేల్చుకోండి

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇదే. తర్వాత మీరు నడవాల్సిన దారంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. కవరులో ఉన్న కాగితం పైభాగంలో ఏ పేరుందో చూడండి.

"ఫిక్స్‌డ్ పెనాల్టీ నోటీస్" అని ఉంటే, చెత్త వేసింది ఫలానా మనిషి అని కౌన్సిల్ నమ్మి, ఆ మనిషికే ఇచ్చిందన్నమాట. 1990 నాటి ఎన్విరాన్‌మెంటల్ ప్రొటెక్షన్ యాక్ట్‌లో 87వ సెక్షన్ ప్రకారం చెత్త వేయడం నేరం. ఆ నేరానికి కోర్టుకి వెళ్లకుండా డబ్బు కట్టి బయటపడేందుకు ఇచ్చే అవకాశమే ఈ నోటీసు. కడితే అక్కడితో అయిపోతుంది, కేసు ఉండదు. కానీ దీనికి చట్టంలో అప్పీలు లేదు. కౌన్సిల్‌కి రాసి రద్దు చేయమని అడగొచ్చు, వాళ్లు వినకపోతే ఇక మిగిలేది మేజిస్ట్రేట్ కోర్టు. అక్కడ నేరం రుజువైతే 2,500 పౌండ్ల దాకా ఫైన్ వేసే అధికారం ఉంది.

రెండో రకం కారు ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉందో వాళ్లకి పోస్టులో వచ్చే సివిల్ పెనాల్టీ నోటీసు. లండన్ బయట 2018 ఏప్రిల్ 1 నుంచి ఈ పద్ధతి అమల్లో ఉంది. అంతకుముందు కారులో నలుగురుంటే ఎవరు విసిరారో తేల్చలేక కౌన్సిళ్లు వదిలేసేవి. ఇప్పుడు ఆ అవసరం లేదు. కారులోంచి చెత్త పడిందని తేలితే చాలు, వెనక సీట్లో కూర్చున్న స్నేహితుడు వేసినా బాధ్యత కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్లదే. నలుగురు రూమ్మేట్లు డబ్బులు పోగేసి పాత కారు కొని, ఒకరి పేరు మీద పెట్టుకోవడం మనవాళ్లలో మామూలే కాబట్టి, ఆ ఒక్కరి మీదే ఇది పడుతుంది. ఇది నేరం కింద రాదు. దీనికి అభ్యంతరం చెప్పే హక్కు ఉంది, ఆ పైన ఫీజు లేకుండా ట్రైబ్యునల్‌కి అప్పీలు చేసుకునే హక్కూ ఉంది. లండన్ బరోలకు (లండన్‌లోని స్థానిక కౌన్సిళ్లకు) వేరే చట్టం ఉంది, కానీ అక్కడా కారు ఓనరే బాధ్యుడు, అక్కడా అప్పీలు ఉంది.

మూడోది, షాపింగ్ సెంటర్ కార్ పార్కుల్లో ప్రైవేటు కంపెనీలు పంపేది. చూడ్డానికి అచ్చం ప్రభుత్వ నోటీసులాగే ఉంటుంది. జాగ్రత్తగా చదివితే అందులో కౌన్సిల్ పేరు ఎక్కడా కనిపించదు. "మా స్థలంలో మా షరతు మీరారు, ఇంత కట్టండి" అని అడిగే బిల్లు అది, చట్టప్రకారం వేసిన ఫైన్ కాదు. అయితే కౌన్సిళ్ల తరఫున గస్తీ తిరిగే ప్రైవేటు కంపెనీలు కూడా ఉన్నాయి. వాళ్లు ఇచ్చే నోటీసు మీద కౌన్సిల్ పేరూ, చట్టం పేరూ స్పష్టంగా ఉంటాయి, అది నిజమైన ఫైనే. తేడా తెలియకపోతే డబ్బు కట్టే ముందు, ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వాళ్లకి చూపించండి.

కాగితం కాకుండా ఫోనుకి మెసేజ్ వచ్చి, అందులో లింకు నొక్కి కట్టమంటే నొక్కకండి. ఫైన్ల పేరుతో మోసాలు ఎక్కువ. కౌన్సిల్ వెబ్‌సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి, అందులో నోటీసు నంబరు కొట్టి చూసుకోండి.

గడువులు రాసిపెట్టుకోండి

నోటీసు మీద రెండు తేదీలుంటాయి. చెత్త పడిన రోజు ఒకటి, నోటీసు ఇచ్చిన రోజు ఇంకొకటి. రెండూ ఫోను క్యాలెండర్లో పెట్టుకోండి. రెండింటి మధ్య చాలా వారాలు గడిచిపోయి ఉంటే ఆ విషయం సలహాదారుకి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే నోటీసు పంపడానికి కౌన్సిల్‌కీ గడువు ఉంటుంది.

ఫిక్స్‌డ్ పెనాల్టీ అయితే కనీసం 14 రోజుల పాటు మీ మీద కేసు పెట్టకూడదు. త్వరగా కడితే చాలా కౌన్సిళ్లు కొంత తగ్గిస్తాయి. ఎన్ని రోజుల్లో కడితే ఎంత తగ్గుతుందో నోటీసు మీదే ఉంటుంది. లండన్ బయట సివిల్ పెనాల్టీకి 28 రోజులు. ఆ లోపు కట్టకుండా, అభ్యంతరమూ రాయకుండా ఉంటే మొత్తం రెట్టింపవుతుంది. 150 ఉన్నది 300 అవుతుంది. ఆ తర్వాత కౌంటీ కోర్టు ద్వారా వసూలు మొదలుపెడతారు, చివరికి బెయిలిఫ్‌లు (బాకీ వసూలు చేయడానికి ఇంటికొచ్చే ఏజెంట్లు) వస్తారు, వాళ్ల ఫీజులూ మీ నెత్తినే పడతాయి.

ఇక్కడే మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినే సంగతి ఒకటుంది. ఆరు నెలలకో రూము మారతారు, కారు కాగితం మీద మాత్రం పాత అడ్రసే ఉంటుంది. వి5సి అనే ఆ లాగ్‌బుక్‌లో ఏ అడ్రసుంటే నోటీసులన్నీ అక్కడికే వెళ్తాయి. అక్కడ ఇప్పుడు ఎవరో వేరేవాళ్లు ఉంటారు, కవరు కుప్పలో పడిపోతుంది. మీకు తెలిసేసరికి రెట్టింపై, పైన ఖర్చులూ చేరి ఉంటాయి. వాహనాల రిజిస్ట్రేషన్లు చూసే డీవీఎల్‌ఏ వెబ్‌సైట్లో అడ్రస్ మార్చుకోవడానికి డబ్బేం కట్టక్కర్లేదు. మార్చకపోతే దానికే 1,000 పౌండ్ల దాకా ఫైన్ పడొచ్చు. ఇది చదువుతూ ఉండగా మీ వి5సి మీద ఏ అడ్రసుందో గుర్తు రాకపోతే, ముందు లేచి ఆ పని చూడండి.

ఫైన్ నిజంగా మీరు కట్టాల్సిందేనా?

కట్టలేను అని రాసే ముందు, అసలు కట్టాలా అన్నది చూసుకోవాలి. ఒకసారి "నాదే తప్పు, వాయిదాలివ్వండి" అని రాశాక మళ్లీ "నేను కాదు" అంటే ఎవరూ వినరు.

ఆధారం చూపించమని కౌన్సిల్‌ని అడగండి. ఫోటో, వీడియో, అధికారి రాసుకున్న నోటు, ఏది ఉంటే అది. అందులో నంబరు ప్లేటు మీదేనా, ఆ రోజు ఆ టైముకి కారు అక్కడుందా, కారులోంచి నిజంగా ఏదైనా పడిందా అని చూడండి. సివిల్ పెనాల్టీ మీద అభ్యంతరం చెప్పడానికి ఒప్పుకునే కారణాలు నోటీసు వెనకో, దానితో పాటు వచ్చిన కాగితంలోనో ఉంటాయి. చెత్త పడనే లేదు, అప్పటికే కారు అమ్మేశాను, కారు దొంగతనానికి గురైంది, అది అద్దె కారు, చెత్త వేసినవాడికి ఇప్పటికే కౌన్సిల్ విడిగా ఫిక్స్‌డ్ పెనాల్టీ ఇచ్చింది లాంటివి. కారు అమ్మేసి ఉంటే డీవీఎల్‌ఏకి తెలిపినట్టు వచ్చిన మెయిల్ జతచేస్తే సరిపోతుంది. లైసెన్స్ ఉన్న టాక్సీ, మినీక్యాబ్ నడిపేవాళ్లు ఒక విషయం గుర్తుపెట్టుకోండి: ప్యాసింజర్ విసిరిన చెత్తకి మీరు బాధ్యులు కారు. ఆ ట్రిప్పు వివరాలు యాప్‌లోంచి తీసి పంపండి.

డ్యాష్‌బోర్డు మీద ఉన్న పార్కింగ్ రసీదు గాలికి ఎగిరిపోయిందనుకోండి. పొరపాటున పడినదానికి నోటీసులు ఇవ్వొద్దని ప్రభుత్వం కౌన్సిళ్లకి ఇచ్చిన మార్గదర్శకాలే చెబుతాయి. జరిగింది అదే అయితే అదే రాయండి.

అభ్యంతరాన్ని కౌన్సిల్ తిరస్కరిస్తే, ఆ ఉత్తరం అందిన 28 రోజుల్లో లండన్ బయటైతే ట్రాఫిక్ పెనాల్టీ ట్రైబ్యునల్‌కి అప్పీలు చేయొచ్చు. లండన్‌లో అయితే లండన్ ట్రైబ్యునల్స్‌కి వెళ్లాలి. లాయర్ అక్కర్లేదు, అంతా ఆన్‌లైన్లోనే. కానీ ట్రైబ్యునల్ చూసేది ఫైన్ న్యాయమా కాదా అన్నదే. డబ్బు లేదు, వాయిదాలివ్వండి అంటే అది వాళ్ల పని కాదు. ఆ మాట అడగాల్సింది కౌన్సిల్‌నే.

కట్టలేనని ఎలా రాయాలి

చెత్త పడిన మాట నిజమే, డబ్బే లేదు. చాలామంది పరిస్థితి ఇదే. డబ్బు లేకపోవడం ఒక్కటే ఫైన్ రద్దు చేయడానికి కారణం కాదు, అది ముందే మనసులో పెట్టుకోండి. అడగాల్సింది రద్దు చేయమని కాదు, వాయిదాలు ఇమ్మని. వాయిదాలు ఇచ్చి తీరాలన్న రూలు ఏదీ లేదు. కొన్ని కౌన్సిళ్లు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఇచ్చేలా అడగడం మన చేతిలో ఉంది.

ఫిక్స్‌డ్ పెనాల్టీ విషయంలో కౌన్సిల్ ఎందుకు వెనకాడుతుందో తెలిస్తే ఎలా అడగాలో అర్థమవుతుంది. ఇలాంటి చిన్న నేరాల మీద కేసు పెట్టాలంటే నేరం జరిగిన రోజు నుంచి ఆరు నెలల్లోపే పెట్టాలి. మీకు ఏడాది పాటు నెలకు పది పౌండ్ల వాయిదా ఇచ్చి, మీరు ఏడో నెలలో మానేస్తే, వాళ్లింక కోర్టుకి వెళ్లలేరు. అందుకే పొడుగు వాయిదాలకి "కుదరదు" అనే జవాబే వస్తుంది. మీరు అడిగేటప్పుడు చివరి వాయిదా ఆ ఆరు నెలల లోపలే, ఇంకా నాలుగైదు వారాలు మిగిలి ఉండగానే పడేలా చూసుకోండి. నోటీసు మీద ఉన్న చెత్త పడిన తేదీ నుంచి లెక్కపెట్టండి. మూడు, నాలుగు నెలల్లో ముగిసిపోయే ప్లాన్ అయితే ఒప్పుకునే అవకాశం బాగా పెరుగుతుంది.

తర్వాత లెక్క. ఒక తెల్లకాగితం మీద నెల ఆదాయం, నెల ఖర్చు రాయండి. ఉదాహరణకి, వారానికి పదహారు గంటల షిఫ్టులు దొరికే ఒక స్టూడెంట్ లెక్క ఇలా ఉంటుంది. నెలకు చేతికొచ్చేది 850 పౌండ్లు. రూము అద్దెలో వాటా 400. గ్యాసు, కరెంటు, ఇంటర్నెట్ వాటా 55. తిండి 145. కారు ఇన్సూరెన్స్, పెట్రోలు వాటా 110. ఫోను 10. ఇంటికి పంపే లోను వడ్డీ 80. మొత్తం ఖర్చు 800, మిగిలేది 50. ఇతను నెలకు 40 కడతానని రాస్తే నమ్మేలా ఉంటుంది. 150 పౌండ్ల ఫైన్ నాలుగు నెలల్లో తీరిపోతుంది: మూడు నెలలు 40, చివరి నెల 30. మిగిలిన 50 మొత్తం కడతానని మాత్రం రాయొద్దు. ఒక నెల షిఫ్టులు తగ్గితే మాట తప్పాల్సి వస్తుంది, ఒకసారి వాయిదా తప్పితే ఒప్పందం పోతుంది.

లెక్కలో ఉన్నదే రాయండి. గత మూడు నెలల పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, అద్దె అగ్రిమెంటు జతచేయండి. బ్యాంకు స్టేట్‌మెంటులో రెస్టారెంటు బిల్లులు వరసగా కనిపిస్తే తిండికి 145 అన్న మాట తేలిపోతుంది.

ఉత్తరం ఇంగ్లిష్‌లోనే రాయాలి, కానీ గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు. ముందు తెలుగులో ఇలా అనుకుని, అదే తేలిక మాటల్లో పెట్టండి:

"నోటీసు నంబరు ఫలానా, ఫలానా తేదీది. నా మీద వేసిన ఫైన్‌ని నేను కాదనడం లేదు. నేను ఫుల్‌టైమ్ స్టూడెంట్‌ని. మొత్తం ఒకేసారి కట్టే స్థోమత నాకు లేదు. నెలకు నా ఆదాయం ఇంత, ఖర్చు ఇంత, మిగిలేది ఇంత. ఆధారాలు జతచేశాను. ఫలానా తేదీ నుంచి నెలకు 40 పౌండ్ల చొప్పున ఫలానా తేదీకల్లా పూర్తిగా కట్టగలను. త్వరగా కట్టినవాళ్లకిచ్చే తగ్గింపు మొత్తానికే ఈ వాయిదాలు ఇవ్వగలరా? అది కుదరకపోతే పూర్తి మొత్తానికైనా ఇవ్వండి. మీ జవాబు వచ్చేదాకా తదుపరి చర్యలేవీ తీసుకోకుండా ఆపమని కోరుతున్నాను."

అంతే. బతిమాలాల్సిన పని లేదు, మన కష్టాలన్నీ ఏకరువు పెట్టక్కర్లేదు. కానీ నిజంగా బలమైన కారణం ఏదైనా ఉంటే, జబ్బు చేసి పని మానేశారా, మానసికంగా బాగోలేక మందులు వాడుతున్నారా, ఉండడానికి ఇల్లు లేదా, ఇంట్లో కొట్టే మనిషి నుంచి బయటికొచ్చారా, అది ఒక పేరాలో స్పష్టంగా రాసి డాక్టర్ ఉత్తరం లాంటిది జతచేయండి. అలాంటప్పుడు కౌన్సిల్ ఫైనే రద్దు చేసే వీలుంది. సిగ్గుపడి దాచుకుంటే వాళ్లకి తెలిసే మార్గం లేదు.

ఉత్తరం మెయిల్లో పంపండి, లేదా పోస్టాఫీసులో ఇచ్చి పోస్టు చేసినట్టు రుజువు తీసుకోండి. ఆ రుజువుకి డబ్బులు తీసుకోరు. ఫోన్ చేసి మాట్లాడితే, మాట్లాడినవారి పేరు, తేదీ, టైము రాసుకుని, అదే రోజు "ఫోన్‌లో ఇలా అనుకున్నాం" అని ఒక మెయిల్ పెట్టండి. నోటిమాటకి విలువ లేదు.

కౌన్సిల్ రాతపూర్వకంగా ఒప్పుకునే ముందు మీ అంతట మీరు కొంత కట్టేయకండి. సగం కడితే నోటీసు సగం తీరినట్టు కాదు. మొత్తం పడకపోతే కట్టనట్టే లెక్కేసి కేసుకి పంపే ప్రమాదం ఉంది.

కౌన్సిల్ ఒప్పుకోకపోతే

ఒకసారి కాదన్నారని వదిలేయకండి. మీ వార్డు కౌన్సిలర్ ఎవరో కౌన్సిల్ వెబ్‌సైట్లో మీ పోస్ట్‌కోడ్ కొడితే తెలుస్తుంది. వాళ్లకి నాలుగు లైన్ల మెయిల్ పెట్టి, మీ ఉత్తరం, వచ్చిన జవాబు జతచేయండి. ఇలాంటి పనులు చూడడం వాళ్ల బాధ్యతల్లో ఒకటి. మీరు ఓటరు కాకపోయినా ఆ వార్డులో ఉంటే చాలు. కౌన్సిలర్ అడిగాక మళ్లీ పరిశీలించడం తరచూ జరుగుతుంది.

అదీ కాకపోతే తగ్గింపు గడువు లోపల డబ్బు ఎక్కడైనా సర్దుబాటు అవుతుందేమో చూడండి. కారు నలుగురిదైతే ఫైన్ కూడా నలుగురిదే, ఈ మాట మొహమాటం లేకుండా రూమ్మేట్లతో అనండి. కాగితం మీద పేరు మీదే కావచ్చు, చెత్త విసిరిన చెయ్యి ఎవరిదో ఆ కారులో ఉన్న అందరికీ తెలుసు. చాలా యూనివర్సిటీల్లో కష్టాల్లో ఉన్న విద్యార్థులకి సాయం చేసే నిధి ఉంటుంది. నేరుగా ఫైన్ కట్టడానికి ఇవ్వకపోయినా, అద్దెకో తిండికో ఇస్తే మీ చేతిలో డబ్బు మిగులుతుంది. అంతర్జాతీయ విద్యార్థులకి ఇస్తారా లేదా అన్నది యూనివర్సిటీని బట్టి మారుతుంది, వెళ్లి అడగండి. స్నేహితుల దగ్గర చేబదులు తీసుకోవడం మంచిదే. కానీ ఫైన్ కోసం ఎక్కువ వడ్డీకి యాప్ లోన్లు, పేడే లోన్లు మాత్రం తీసుకోవద్దు. 150 పౌండ్ల ఫైన్ కోసం తీసుకున్న అప్పు, ఫైన్ తీరిన చాన్నాళ్లకి కూడా తీరదు.

కోర్టు కాగితం వస్తే

ఫిక్స్‌డ్ పెనాల్టీ కట్టకపోతే కోర్టు సమన్లు గానీ, సింగిల్ జస్టిస్ ప్రొసీజర్ నోటీస్ అనే కాగితం గానీ రావచ్చు. రెండోదానికి 21 రోజుల్లో జవాబివ్వాలి. ఆన్‌లైన్లో కూడా ఇవ్వొచ్చు. జవాబివ్వకపోతే మీరు లేకుండానే తీర్పు వచ్చేస్తుంది.

దీనితో పాటు మీ ఆదాయం, ఖర్చుల వివరాలు నింపే ఫారం ఉంటుంది. మేజిస్ట్రేట్ కోర్టుల్లో దాన్ని ఎంసీ100 అంటారు. దాన్ని ఖాళీగా వదిలేయడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు. కోర్టు వేసే ఫైన్ మీ వారం ఆదాయాన్ని బట్టి ఉంటుంది. మీరు ఏమీ రాయకపోతే కోర్టు తనంతట తానే ఒక ఆదాయం ఊహించుకుని లెక్క కడుతుంది. అది పార్ట్‌టైమ్ చేసే విద్యార్థి ఆదాయం కన్నా చాలా ఎక్కువగా ఉంటుంది. కౌన్సిల్ కోసం మీరు రాసుకున్న లెక్కల కాగితమే ఇక్కడ మళ్లీ పనికొస్తుంది.

తప్పు ఒప్పుకునేట్టయితే మొదట్లోనే ఒప్పుకోండి, మూడో వంతు దాకా తగ్గిస్తారు. అయితే కోర్టులో చివరికి కట్టాల్సింది ఫైన్ ఒక్కటే కాదు. దాని మీద 40 శాతం సర్‌ఛార్జ్, కౌన్సిల్ పెట్టుకున్న కేసు ఖర్చులు కూడా ఉంటాయి. ఫైన్ 120 పౌండ్లు వేస్తే సర్‌ఛార్జ్ 48, ఆ పైన ఖర్చులు. ఖర్చులే ఫైన్ కన్నా ఎక్కువయ్యే సందర్భాలుంటాయి. అందుకే, తప్పు జరిగిన మాట నిజమైతే కౌన్సిల్ దగ్గరే తేల్చుకోవడం మంచిదని నా అభిప్రాయం. కోర్టులో ఒక్క వెసులుబాటు ఉంది: అక్కడ వాయిదాలు అడగడం మామూలు విషయం. నెలకు ఎంత కట్టగలరో ఫారంలోనే రాయండి. తర్వాత పరిస్థితి మారితే, వాయిదా తప్పక ముందే కోర్టు ఫైన్ల ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పండి.

కాగితాలు పాత అడ్రసుకి వెళ్లి, మీకు తెలియకుండానే శిక్ష పడిపోయిందా? తెలిసిన 21 రోజుల్లో కోర్టుకి వెళ్లి "నాకు ఈ కేసు సంగతి తెలియదు" అని ప్రమాణపూర్వకంగా డిక్లరేషన్ ఇవ్వొచ్చు. దాన్ని స్టాట్యూటరీ డిక్లరేషన్ అంటారు. ఇస్తే కేసు మళ్లీ మొదటికొస్తుంది.

వీసా సంగతి

అందరి గుండెల్లో ఉండే భయం ఇదే కాబట్టి విడమరిచి చెప్తాను. సివిల్ పెనాల్టీ నేరం కాదు. ఫిక్స్‌డ్ పెనాల్టీ కట్టేస్తే అది నేరం రుజువైనట్టు కాదు. వాయిదాలు అడగడం, ఉచిత సలహా తీసుకోవడం "పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయాలు) వాడుకోవడం కిందికి రాదు, కాబట్టి వీసా షరతు మీరినట్టూ కాదు. ఫిక్స్‌డ్ పెనాల్టీ కట్టక, కోర్టులో శిక్ష పడితే మాత్రం అది కన్విక్షన్, అంటే నేరం రుజువైనట్టే. ఇకపై వీసా, సెటిల్‌మెంట్ (శాశ్వత నివాసం), సిటిజన్‌షిప్ ఫారాల్లో ఆ ప్రశ్న అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు రాయాలి. చెత్త కేసు కన్నా, దాన్ని దాచిపెట్టడం వీసాకి చాలా ఎక్కువ హాని చేస్తుంది. ఇక్కడిదాకా వస్తే ఇమ్మిగ్రేషన్ సలహాదారుని కలిశాకే ఫారం నింపండి.

ఇంకొక మాట గట్టిగా చెప్పాలి. "ఇండియా వెళ్లిపోయినవాడి పేరు చెప్పెయ్, వాడిని ఎవరూ పట్టుకోలేరు" అని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఒకరుంటారు. వినకండి. అధికారి అడిగినప్పుడు తప్పుడు పేరు, తప్పుడు అడ్రస్ ఇవ్వడం విడిగా ఒక నేరం. తప్పును ఇంకొకరి మీద తోస్తూ రాతపూర్వకంగా అబద్ధం చెబితే, న్యాయప్రక్రియని పక్కదారి పట్టించారన్న కేసు పడి జైలు దాకా వెళ్లొచ్చు. డబ్బుతో పోయేదాన్ని జీవితం మీదికి తెచ్చుకోవద్దు.

ఎవరిని అడగాలి

సిటిజన్స్ అడ్వైస్, అప్పుల విషయంలో సలహా ఇచ్చే నేషనల్ డెట్‌లైన్, స్టెప్‌చేంజ్, వీళ్లెవరూ డబ్బు తీసుకోరు. వీసా ఏదైనా ఫర్వాలేదు. విద్యార్థులైతే అన్నిటికన్నా దగ్గరి దారి మీ స్టూడెంట్స్ యూనియన్ అడ్వైస్ సెంటర్. అది యూనివర్సిటీ ఆఫీసు నుంచి విడిగా పనిచేస్తుంది, మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా బయటపెట్టరు. వెళ్లేటప్పుడు నోటీసు, కవరు, లెక్కల కాగితం, మీరు పంపిన ఉత్తరం అన్నీ పట్టుకెళ్లండి. కవరు ఎందుకంటే, దాని మీద ఉన్న పోస్టు ముద్ర ఒక్కోసారి తేదీల తగాదాలో పనికొస్తుంది.

బెయిలిఫ్‌ల దాకా వచ్చినా దారి మూసుకుపోలేదు. వాళ్లు ఇంటికొచ్చే ముందు నోటీసు పంపి, కనీసం ఏడు రోజులు ఆగాలి. ఆ ఏడు రోజుల్లో ఫోన్ చేసి వాయిదాల ఒప్పందం కుదుర్చుకుంటే ఇంటికొచ్చినందుకు వేసే పెద్ద ఫీజు తప్పుతుంది. ఆ లోపు కుదరకపోతే తలుపు తీసే ముందు నేషనల్ డెట్‌లైన్‌కి ఫోన్ చేయండి. కౌన్సిల్ సివిల్ పెనాల్టీకీ, కోర్టు ఫైన్‌కీ బెయిలిఫ్‌ల అధికారాలు ఒకటి కావు. మీది ఏ రకమో వాళ్లకి చెబితే ఏం చేయాలో చెబుతారు. ఇంటి బయట నిలిపిన కారుకి తాళం వేసే వీలుంది కాబట్టి, పనికి ఆ కారే ఆధారమైతే ఆ సంగతీ చెప్పండి.

చివరి వాయిదా కట్టాక "మొత్తం ముట్టింది, కేసు మూసేశాం" అని రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ మెయిల్, వాయిదాల రసీదులు, మొదట వచ్చిన నోటీసు కలిపి ఒకే ఫోల్డర్లో దాచండి. వీసా పొడిగింపు వచ్చే దాకా దాన్ని తీసేయకండి.